కడిగిన కన్ను

మా మడాంగ్ బజారులో వక్కలమ్మే ప్రతి బల్ల మీదా సున్నం ఉంటుంది. వెనకటికి సొరబుర్రలో పోసుకుని పుల్లతో తీసుకునేవాళ్ళు. ఇప్పుడు మెత్తటి ప్లాస్టిక్ సీసాలొచ్చాయి. నొక్కితే చాలు, తెల్లటి పొడి బుస్సుమని చిమ్ముతుంది. పిల్లలకు ఇంతకన్నా మంచి ఆటవస్తువు ఏముంటుంది?

నా తమ్ముడి కూతురు ఆ సీసాని మొహానికి దగ్గరగా పెట్టుకుని నొక్కింది. నాలుగేళ్ళ పిల్ల. ఒడీలియా అని నా పేరే పెట్టారు. అందుకే నా పళ్ళెంలో చెయ్యి పెట్టే హక్కు దానికుంది, దాన్ని తిట్టే హక్కు నాకుంది. సీసా ఎవరిదని ఎవరూ అడగలేదు. అది లేనివాళ్ళు ఉంటే కదా అడగడానికి!

అరుపు విని పరిగెత్తేసరికి రెండు కళ్ళలోనూ సున్నమే. ఎత్తుకుని కుళాయి దగ్గరికి తీసుకెళ్ళాను. సున్నం పడితే ఆసుపత్రికి చేరేలోపే కన్ను ఉడికిపోతుందనీ, పిల్ల ఎంత ఏడ్చినా నీళ్ళు పోస్తూనే ఉండాలనీ ఆమధ్య నర్సమ్మ మా బల్లల దగ్గరికి వచ్చి మరీ చెప్పి వెళ్ళింది. పిల్ల తలని మోకాళ్ళ మధ్య ఇరికించి, కుడికంటి రెప్ప తిప్పి, ధార కింద పెట్టాను. నా చెయ్యి కొరికింది. నేను వదల్లేదు. రెప్ప లోపలి పలుకులన్నీ పోయేదాకా కడిగాను.

అప్పుడొచ్చింది పిల్ల తల్లి, మా మరదలు డెల్మా, చంకలో చంటివాడితో.

"వదులు వదినా! చంపేస్తావా ఏంటి?"

"ఎడమ కన్ను ఇంకా కడగలేదు. కాళ్ళు పట్టుకో."

"వద్దంటోంది కదా! నీ పేరు పెడితే నీ సొత్తయిపోయిందా పిల్ల?"

మా దగ్గర పిల్లలు వద్దంటే వద్దే. ఏడుస్తున్న పిల్లని పట్టి ఉంచేవాళ్ళని మనుషుల కింద లెక్కపెట్టరు. చుట్టూ మూగిన ఆడవాళ్ళు నన్ను రాక్షసి అన్నారు. డెల్మా పిల్లని లాక్కుని, ఎడమ కంట్లో తన చనుబాలు పిండి, లంగా అంచుతో తుడిచింది. ప్రేమగానే చేసింది. పిల్ల ఊరుకుంది. అందరూ హమ్మయ్య అనుకున్నారు.

సాయంత్రం ఆసుపత్రికి తీసుకెళ్ళేసరికి ఎడమ కన్ను ఉడికిన చేప కన్నులా తెల్లబడింది. దాంతో ఇక చూడలేదన్నాడు డాక్టరు.

"కుడిది దక్కింది. ఎవరు కడిగారు?"

డెల్మా చంటివాణ్ణి ఇంకో చంకకి మార్చుకుంది. నాకు ఏడుపూ రాలేదు, కోపమూ రాలేదు. ఏదో ఒకటి వస్తే బాగుండేది.

దక్కిన కంటిమీద కూడా మచ్చ ఉందనీ, అది ముదిరితే చూపు మసకబారుతుందనీ, అప్పుడప్పుడూ తెచ్చి చూపించమనీ చెప్పాడు. డెల్మా మళ్ళీ తీసుకెళ్ళలేదు.

"నేను తీసుకెళ్తాలే" అన్నాను.

"నిన్ను చూస్తేనే ఉచ్చ పోసుకుంటోంది. నువ్వేం తీసుకెళ్తావ్?"

నిజమే. పిల్లకి సున్నం గుర్తులేదు, నేను గుర్తున్నాను. నా పళ్ళెంలో చెయ్యి పెట్టి ఎన్నాళ్ళయిందో. కొబ్బరిపాలలో ఉడికించిన అరటికాయలు ఇప్పటికీ ఎక్కువే తెచ్చుకుంటాను. మిగిలినవి పక్క బల్ల జెనోవెఫా తింటుంది.

అందుకని కన్ను నేనే పరీక్ష చేస్తున్నాను. డెల్మా పిల్లని బజారుకి తెచ్చిన రోజు లేచి వెళ్ళి దూరంగా నించుంటాను. మొదట్లో నిద్రగన్నేరు చెట్టు కింద. ఆ తర్వాత రోడ్డవతల. ఇవాళ ఇంకా దూరం, గబ్బిలాలు వేలాడే సరుగుడు చెట్ల దగ్గర. చాలాసేపు నించున్నాను. పిల్ల చిప్పలతో ఆడుకుంటోంది. తలెత్తింది. నా వైపే చూసింది. చిప్పలు అక్కడే పారేసి, కెవ్వుమని అరిచి, తల్లి లంగా వెనక దూరింది.

తిరిగొచ్చి కూర్చున్నాను.

"మళ్ళీ పారిపోయిందా?" అంది జెనోవెఫా జాలిగా.

"ఊఁ. అంత దూరం నుంచి" అని, వక్కలు సర్దుకున్నాను.