సోమవారం వస్తారట దొరగారు

సంచి అడుగున తడిపిన తువ్వాలు పరిచాను. దాని మీద కీరదోస ముక్కల డబ్బా పెట్టాను. మొదటి తువ్వాలు ఆరిపోతే కష్టమని పక్కన ఇంకొకటి. గొడుగు కూడా పెట్టబోతుంటే టీచరమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"అమ్మగారూ, వెళ్ళేది తాబేలు. దాని గొడుగు దాని వీపు మీదే ఉంది."

నిజమే. కానీ ప్రయాణమంటే నా చేతులు నా మాట వినవు.

తాబేలు పేరు దొరగారు. పిలిస్తే పలకరు, తిండి పెడితే మాత్రం తామే వేంచేస్తారు. అందుకని ఒకటో తరగతి పిల్లలు పెట్టిన పేరు అది. తరగతి గదిలో కిటికీ కింద తొట్టిలో ఉండేవారు. ఇప్పుడు ఒళ్ళు చేసి, అందులో వెనక్కి తిరగడానికి కూడా చోటు చాలడం లేదు. స్కూలు బస్సు డ్రైవరు వాళ్ళ అక్కగారి పెరట్లో పెద్ద నీటి మడుగు ఉందట. అక్కడికి ప్రయాణం.

ఇలా పంపాల్సిన రోజు వస్తుందని టీచరమ్మకి ముందే తెలుసు. అందుకే, తాబేలు రాకముందే ఒక బొమ్మల పుస్తకం తెచ్చింది. అందులో ఒక తరగతి పిల్లలు బాతుపిల్లను పెంచుతారు. మేత వేస్తారు, నీళ్ళు మారుస్తారు, నా వంతంటే నా వంతని కొట్టుకుంటారు. చివరి పేజీలో బాతు పెద్దదై కొలనుకి వెళ్ళిపోతుంది.

"పెంచడమూ, పంపడమూ రెండూ నేర్చుకుంటారు," అంది టీచరమ్మ.

అన్నాళ్ళూ బాతు బొమ్మలే చూసిన పిల్లలు, తాబేలు వచ్చిన రోజున దాన్ని వెల్లకిలా తిప్పి రెక్కల కోసం వెతికారు.

శుక్రవారం శుక్రవారం ఎవరో ఒకరి ఇంటి పెద్దవాళ్ళు వచ్చి పుస్తకం చదివి వినిపించడం ఆ తరగతి అలవాటు. మిగతా ఇళ్ళ వాళ్ళకి తీరిక లేదు. నాకు తీరిక తప్ప ఇంకేమీ లేదు. మా మనవరాలు పిడుగు నన్ను లాక్కుపోయేది. బస్సుల బోర్డులూ, సబ్బు కాగితాలూ కూడబలుక్కుని చదువు నేర్చుకున్నదాన్ని. ఇప్పటికీ వేలు పెట్టే చదువుతాను. ఆ వేలు చివరి పేజీ దగ్గరికి వచ్చి ఆగిపోయేది. ఆ బొమ్మలో ఖాళీ గూడు, గాలిలో చిన్న చిన్న చేతులు. నా వల్ల కాక పుస్తకం మూసేసి, "బాతు కొలనుకి వెళ్ళి, సోమవారం వచ్చేసింది," అనేదాన్ని. సోమవారమే ఎందుకంటే, మా ఆయన వెళ్తూ అన్న మాట అది. నా నోట్లో అలాగే ఉండిపోయింది. టీచరమ్మ ఆ సమయంలో వెనక బల్ల మీద రంగుల డబ్బాలు సర్దుకుంటూ ఉండేది.

సంచి సర్దడం అయ్యాక టీచరమ్మ పిల్లలను వరసలో నిలబెట్టింది. "దొరగారికి టాటా చెప్పండి."

ఒక్క చెయ్యీ లేవలేదు.

"ఎందుకు టీచర్? సోమవారం వచ్చేస్తారుగా!" అంది ముందు పళ్ళు ఊడిన పిల్ల.

"ఎవరు చెప్పారు?"

"పుస్తకంలో ఉంది."

"పుస్తకంలో ఎక్కడుంది?"

"నాయనమ్మ వేలి కింద!" అంది పిడుగు.

టీచరమ్మ నా వైపు తిరిగింది. నేను గోడ మీది అక్షరాల పటం చూడసాగాను. దాన్ని అంత శ్రద్ధగా ఎప్పుడూ చూడలేదు.

ఆవిడ తిట్టలేదు. పుస్తకం తెచ్చి నా ఒళ్ళో పెట్టి, చెవి దగ్గరికి వంగింది. "సోమవారం వీళ్ళంతా గేటు దగ్గర నిలబడతారు అమ్మగారూ. అప్పుడేం చెప్పమంటారు?"

గేటు దగ్గర నిలబడటం నాకు తెలిసిన పనే. అది ఇంకొకరికి నేర్పదగ్గ పని కాదు.

చివరి పేజీ తెరిచాను. వేలు పెట్టాను. "బాతు వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు. పిల్లలు చెయ్యి ఊపారు."

ఇక అందరూ ఏడుపు లంకించుకుంటారని కొంగు సిద్ధంగా పట్టుకున్నాను.

"మరి అక్కడ ఆయనకి దోసకాయ ఎవరు పెడతారు?" అంది పళ్ళూడిన పిల్ల.

"మా అక్క పెడుతుంది," అన్నాడు గుమ్మంలో ఉన్న డ్రైవరు.

"తొక్క తీసి పెట్టమనండి. తొక్క ఉంటే అలుగుతారు."

"అలాగే తల్లీ."

అంతే! అందరూ సంచి మీద పడ్డారు. ఒకరు సగం కొరికిన బిస్కట్టు వేశారు, ఒకరు రబ్బరు, ఇంకొకరు ఒంటి మేజోడు.

"ఒక్కటేం సరిపోతుందే? ఆయనకి నాలుగు కాళ్ళు!" అని పిడుగు తన రెండూ విప్పేసింది.

"నేను తీసుకెళ్ళేది తాబేలునా, అల్లుడుగారినా?" అని డ్రైవరు తల పట్టుకున్నాడు.

దొరగారిని సంచిలో పెట్టుకుని డ్రైవరు బస్సెక్కాడు. చేతులన్నీ ఊగాయి. దొరగారు తల లోపలికి లాక్కున్నారు. సిద్ధం చేసుకున్న కొంగు చివరికి నాకే పనికొచ్చింది.

"ఏడవకు నాయనమ్మా," అని పిడుగు నా మోకాలు తట్టింది. "పుస్తకంలో ఏడవమని లేదు. చెయ్యి ఊపు."

బస్సు మలుపు తిరిగేదాకా ఊపాను. మా ఆయన వెళ్ళిన రోజు ఇంట్లో ఎవరమూ ఊపలేదు. సోమవారం వచ్చేసే మనిషికి ఎవరు ఊపుతారు?

దొరగారు ఏప్రిల్ ఆఖరి శుక్రవారం వెళ్ళారు. తిరిగి రాలేదు. మా ఆయన, మా పిల్లవాడికి నడక వచ్చిన ఏడు, వానలు మొదలైన వారం, శనివారం పొద్దున వెళ్ళారు. తిరిగి రాలేదు.