ముప్పై ఎనిమిదో నంబరు

ఉగాది కవి సమ్మేళనానికి ఆగయ్య ఎన్నడూ పోలేదు. ఆ ఏడు పెళ్లాం మల్లక్కే పట్టుబట్టింది. "మా తమ్మునికి శాలువా కప్పుతరట. బావవు, నువ్వు రాకుంటే ఎట్లయ్యా?" అంది. మాటకు ఎదురుమాట చెప్పే అలవాటు లేని మనిషి, చెప్పులేసుకుని ఆమె వెనకే బస్సెక్కాడు. జైపూర్ దిక్కున్న వాళ్ల ఊరి నుంచి గోదావరి దాటితే గోదావరిఖని, సమ్మేళనం అక్కడే.

ఆ తమ్ముడు నర్సింగం, ఆగయ్య ఒకే గనిలో జోడీగా బొగ్గు ఎత్తినవాళ్లు. బొగ్గు నిండిన ఇనప బండి, టబ్బు, మీద ఎవరి నంబరు వాళ్లు సుద్దముక్కతో రాయాలి. రాయకుంటే ఆ టబ్బు కూలి ఎవరి లెక్కలోనూ పడదు. ఆగయ్యది ముప్పై ఎనిమిది. ఇరవై ఏళ్లు ఆ నంబరు తప్ప ఇంకో అక్షరం రాసి ఎరగడు. తర్వాత వయోజనుల బడిలో సారు హైకూ అనేదొకటి చదివి వినిపించాడు. మూడే లైన్లు, కంటితో చూసింది చెబితే చాలన్నాడు. ఆగయ్యకు నవ్వొచ్చింది. మూడు తరగతులు చదివినవాడికి మూడు లైన్లు సరిగ్గా సరిపోతాయి.

అప్పటినుంచి నంబరు కింద మూడు లైన్లు రాసి టబ్బును పైకి తోలేవాడు. అన్నీ ఎండాకాలం కోతకొచ్చే యాసంగి వరి మీదివే. గని లోపల ఎండా వానా ఉండవు. అయినా చైత్రం ఎక్కడిదాకా వచ్చిందో అతని టబ్బు చూసి పైనున్నవాళ్లు చెప్పేవారు. "ముప్పై ఎనిమిదీ, ఇంకా ఈనలేదా నీ పొలం?" అని ఆటపట్టించేవారు. బొగ్గు దిమ్మరించే లోపే సుద్ద రాలిపోయేది.

"ఖరాబైతున్నయి బావా" అని నర్సింగమే ఓ నోటుబుక్కు తెచ్చాడు. ఏడు చదివినవాడు, చేతిరాత ముత్యాల పేరు. టిఫిన్ డబ్బాలు విప్పే వేళ ఆగయ్య చెప్పేవాడు, అతను రాసేవాడు.

"కింద పేరు పెట్టనా?"

"ముప్పై ఎనిమిదెయ్యి. సాలదా?"

మల్లక్క తన పాత పూల చీర చింపి ఆ బుక్కుకు అట్ట కుట్టింది. అది ఇంట్లో రేకు పెట్టెలో, బట్టల అడుగున ఉండేది. ఆగయ్య ఉద్యోగం దిగిపోయాక, జోడీవాడని ఆ నంబరు నర్సింగానికి మార్చి ఇచ్చారు. ఆగయ్య ఆ సంగతే పట్టించుకోలేదు.

హాల్లో మైకు గరగరమంది. "మన గని కవి, ముప్పై ఎనిమిదో నంబరు నర్సింగం!"

ఆగయ్య తలెత్తాడు. నర్సింగం సంచిలోంచి పూల చీర అట్ట బుక్కు తీశాడు. గొంతు సవరించుకుని చదివాడు.

"చైత్రమొచ్చింది
వరిగింజ చిదిమితే
బొగ్గు వేళ్ల మీద పాలు."

ఆ పొద్దు ఆగయ్యకు నిన్న మొన్నటిలా ఉంది. నైట్ షిఫ్టు దిగి, స్నానమైనా చెయ్యకుండా సైకిలు నేరుగా పొలానికి తొక్కాడు. కంకులు పాలు పోసుకున్నాయేమోనని ఒక గింజ చిదిమాడు. గట్టు మీద గడ్డి కోస్తున్న మల్లక్క లేచి, "పాలు వోసుకునేదాన్ని చిదుముతరా? నీ చేతులిరగ! కడుపుతోనున్నదాన్ని గిచ్చినట్టు!" అని తిట్టింది. ఆ గట్టు మీద ఆ పొద్దున వాళ్లిద్దరే ఉన్నారు.

ఆగయ్య పక్క కుర్చీలోని మల్లక్క వైపు తిరిగాడు. ఆమె ఒక్క మాట అంటే చాలు. హాలంతా చప్పట్లు కొడుతోంది. మల్లక్క కొంగు సర్దుకుంది. తనూ చప్పట్లు కొట్టింది.

బయట వేపచెట్టు కింద నర్సింగం శాలువాతోనే ఎదురొచ్చాడు.

"గుస్స గాకు బావా. నంబరెవలిదైతే టబ్బు వాల్లదే గదా! నువ్వే నేర్పినవ్. గిప్పుడది నా నంబరు." నవ్వబోయి ఆగాడు. "నువ్వెట్లాగు నోరిప్పవు. పెట్టెల వుంటే చెదలు దినేది."

"పెట్టె తాళం ఎవలు దీసిన్రు?"

నర్సింగం అక్క వైపు చూశాడు. తాళంచెవి ఎప్పుడూ మల్లక్క బొడ్లోనే ఉంటుంది.

"నేనే దీసిచ్చిన" అందామె. "పరాయోనికిచ్చిన్నా ఏంది? నలుగుట్ల నిలవడి సదివేటోనివా నువ్వు? వాడు సదివితే గింతమంది ఇన్నరు."

"అది మన పొలంల ముచ్చట" అన్నాడు ఆగయ్య. "నువ్వు సుత చప్పట్లు గొట్టినవ్."

ఇద్దరూ బస్సెక్కి ఇంటికొచ్చారు.

తెల్లారి పొలానికి పోయాడు. వరి సరిగ్గా పాలు పోసుకునే అదను. ఒక గింజ తుంచి చిదిమాడు. గని పని మాని నాలుగేళ్లాయె. గోళ్ల సందుల్లోంచి కూడా బొగ్గు పోయింది. పాలు వచ్చాయి గాని, కడిగి కడిగి పాలిపోయిన వేళ్ల మీద అవి కనిపించలేదు. వెలుతురుకు చెయ్యెత్తి చూశాడు. ఇంకో గింజ చిదిమాడు. ఇంకొకటి.

మల్లక్క గట్టు మీద నిలబడి చూస్తూనే ఉంది. ఈసారి తిట్టలేదు.