నీరు దిగని ముఖం

దెయనీరాది మంచి హస్తవాసి అని కాలీ నగరంలో పేరు. ఆ ఊళ్లో అందం కోసం ముక్కు చెక్కించుకోని ఆడదో, పొట్ట కోయించుకోని ఆడదో ఉంటే వెతికి పట్టుకొచ్చి దండ వెయ్యాలి. డాక్టర్లు కత్తి పెట్టేసి చేతులు కడుక్కుంటారు. ఆ తరువాత ఒంట్లో నిలిచిపోయిన నీటిని దించే పని మర్దనా చేసేవాళ్ల నెత్తిన పడుతుంది. ఓఫిర్ అమ్మగారు, అక్కడి మాటలో దోన్యా ఓఫిర్, నడిపే మర్దనా ఇంటికి రోజూ అలాంటివాళ్లే వస్తారు. ఒళ్లు పట్టించుకున్నాక, కావాలన్నవాళ్లకు ముఖానికి బ్రష్షు పని కూడా ఉంటుంది. అది దెయనీరా ఒక్కతే చేస్తుంది.

చూడ్డానికి అదేం పెద్ద పనిలా కనిపించదు. మేకవెంట్రుకల మెత్తని బ్రష్షు, పసిపిల్ల చెంప మీద చీమను తోలినంత ఒత్తిడి, అంతే. గట్టిగా రుద్దితే చెడినట్టే. ముందు మెడ కింది ఎముకల పక్క గుంటల్లో వేళ్లతో ఒత్తి దారి తెరవాలి. ఆ తరువాత చెంపల మీంచి చెవి వెనక్కి, అక్కణ్ణించి మెడ మీదుగా కిందికి. సగంలోనే ఆడవాళ్లు గుర్రు పెడతారు. లేచి అద్దం చూసుకుని, పిచ్చి సంతోషంతో దెయనీరా చేతులు పట్టుకుంటారు.

అలాంటి మనిషి, సొంతూరు బ్వేనవెంతురా రేవులో చెల్లెలిని మట్టి చేసి తిరిగొచ్చినప్పటి నుంచి ముట్టుకున్న ముఖమల్లా ఉబ్బిపోతోంది.

ముందు బ్యాంకులో పనిచేసే అమ్మాయి. పొద్దున్నే వచ్చి బల్ల మీద సంచి విసిరికొట్టి, "ఇదేం ముఖమండీ? మా ఇంటి కుక్క నన్ను చూసి మొరిగింది!" అంది. చెంపలు బూరెల్లా పొంగి, ఎడమ కన్ను సగం మూసుకుపోయింది. ఆ తరువాత జుట్టు కత్తిరించే ఆవిడ. ఆవిడకూ అదే ఎడమ కన్ను, అదే పై పెదవి. దెయనీరా దగ్గరికి వచ్చి చూసింది. అవి వేరువేరు ఆడవాళ్ల ముఖాలు కావు. రెండూ చెల్లెలు నసారియా ముఖమే, మంచాన పడి పోయిన ఆఖరి రోజుల నసారియా ముఖం.

"సబ్బు మార్చావా? నూనె మార్చావా?" అని దోన్యా ఓఫిర్ గుచ్చిగుచ్చి అడిగింది.

"ఏమీ మార్చలేదు దోన్యా."

"మరి నీ చేతికేం రోగం? చూడు పిల్లా, నువ్వంటే నాకిష్టమే, కాదనను. కానీ ఇంకొక్క ముఖం ఉబ్బిందంటే నిన్ను ఈ గడప తొక్కనివ్వను. పుట్టెడు ఖర్చుపెట్టి అందం కొనుక్కునేవాళ్లు వీళ్లు. నా ఇల్లు తగలబెట్టేస్తారు."

పని పోతుందన్న భయం లేదని కాదు. కానీ దెయనీరాను తొలుస్తున్నది అది కాదు. ఆ ఉబ్బిన ముఖాలను చూసినప్పుడు భయంతోపాటు ఇంకొకటి కూడా కలిగింది. సంతోషం. చెప్పుకుంటే సిగ్గుచేటు, కానీ సంతోషమే. చెల్లెలు ఇంకా ఇక్కడే ఉంది.

తల్లి పోయాక నసారియాను దెయనీరాయే పెంచింది. జడలు వేసింది, బడికి తరిమింది, చేపల ముళ్లు తీసి తినిపించింది. నసారియా పెరిగి పెద్దదై, రేవులో రొయ్యల గిడ్డంగిలో పనికి కుదిరి, ఉన్నట్టుండి మూత్రపిండాలు చెడి మంచాన పడింది. ముఖమంతా నీరు. ఊరందరి ముఖాల నీరు దించే దెయనీరా, పని మానుకుని రేవుకెళ్లి, రోజూ పొద్దున చెల్లెలి పక్కన కూర్చుని బ్రష్షు పట్టింది. కాస్త దిగేది. మధ్యాహ్నానికి మళ్లీ నిండేది.

"అద్దం తీసెయ్యక్కా," అంది నసారియా ఒకనాడు. "అందులో ఉన్నావిడ ఎవరో గాని, నన్ను మిర్రిమిర్రి చూస్తోంది."

ఆ ముఖంతోనే పోయింది. ఆ ముఖంతోనే పెట్టెలోకి వెళ్లింది. ఫోన్లో ఫోటోలు లేక కాదు. ఫోటో చూసినంతసేపే చెల్లెలు, కళ్లు మూసుకుంటే మళ్లీ ఉబ్బిన ముఖమే. పెంచిన చేతులకు పిల్ల ముఖం గుర్తు రాకపోతే, ఇంతకన్నా నరకం ఏముంటుంది?

అందుకే ఆ పని చేసింది. వాళ్ల తీరంలో మనిషి పోతే తొమ్మిది సాయంత్రాలు ప్రార్థన చేస్తారు. ఇంట్లో తెల్లదుప్పట్లతో పీఠం కడతారు. ఆఖరి రాత్రి పాడి పాడి, తెల్లవారుతుండగా ఒక్కొక్క కొవ్వొత్తీ ఆర్పి, పీఠం విప్పుతారు. అప్పుడు జనమంతా రెండు పక్కలకీ తప్పుకుని వాకిలి దాకా దారి వదులుతారు. పోయినవాళ్లు ఆ దారిన వెళ్లిపోతారు. ఆ దారికి ఎవరూ అడ్డం రారు. మూడేళ్ల పిల్లకు కూడా తెలుసు.

దెయనీరా వెళ్లి గుమ్మంలో నిలబడింది.

"తప్పుకో పిల్లా," అంది పాట పాడుతున్న సతూరియా పెద్దమ్మ.

"తప్పుకోను. ఆ ముఖంతో దాన్ని పంపను."

బతిమాలారు, తిట్టారు. రెండు చేతులతో ద్వారబంధం పట్టుకుని కదిలితే ఒట్టు. పెద్దమ్మ పాట మధ్యలో ఆగిపోయింది. ఎనభై ఏళ్ల మనిషి, అలా ఆపడం అదే మొదలు. ఆ పొద్దున్నే దెయనీరా కాలీ బస్సెక్కింది. పక్క సీట్లో ఎవరో కూర్చోబోతే, "మనిషుంది" అంది. తన నోటి వెంట ఆ మాట ఎలా వచ్చిందో తనకే తెలియదు.

దోన్యా ఓఫిర్ హెచ్చరించిన రోజున దెయనీరా పెద్దమ్మకు ఫోన్ చేసి ఉబ్బే ముఖాల సంగతి చెప్పింది.

"నాకు తెలుసులేవే," అంది పెద్దమ్మ. "గుమ్మంలో గుంజలా నిలబడితే అది మాత్రం ఎటు పోతుంది? దొరికిన ముఖంలో దూరుతోంది పాపం."

"ఇప్పుడేం చెయ్యను పెద్దమ్మా?"

"నన్నడుగుతావేం? నీళ్లు దించే పని నీదా, నాదా?" అని ఠక్కున పెట్టేసింది.

మర్నాడు మధ్యాహ్నం దోన్యా నోయెమీ వచ్చింది. పాత ఖాతా. కళ్ల కింది సంచులు తీయించుకుని నెల దాటింది. నోట్లో నువ్వుగింజ నానదు.

"రేపు మనవరాలికి జ్ఞానస్నానం," అంది మంచమెక్కుతూ. "మా వియ్యపురాలు వస్తోంది. నాకంటే ఆరేళ్లు పెద్దది, చూస్తే నా కూతురిలా ఉంటుంది, దాని దుంప తెగ! నువ్వేం చేస్తావో నాకు తెలీదు తల్లీ, రేపు ఫోటోలో నేనే బాగుండాలి."

తెర పక్కన దోన్యా ఓఫిర్ చేతులు కట్టుకుని నిలబడింది. ఇవాళ తాడో పేడో తేల్చుకునే చూపు అది. బయట వీధిలో ఉడికించిన చిన్న తాటిపళ్లు అమ్మే ఆవిడ, ఉప్పూ తేనే అద్ది ఇస్తానంటూ కేకేస్తోంది.

దెయనీరా బ్రష్షు తీసింది. నోయెమీ వియ్యపురాలిని ఇంకో నాలుగు తిట్టి నిద్రలోకి జారుకుంది. మొదటి చెంప మీదే చర్మం కింద ఏదో కదిలింది. కనురెప్ప బరువెక్కింది. ఎడమ కన్ను పొంగింది. పై పెదవి పొంగింది. మంచం మీద నసారియా ఊపిరి పీలుస్తోంది. దెయనీరా కళ్లార్పకుండా చూస్తూ ఇంకా ఇంకా బ్రష్షు లాగింది.

"ఏమే!" అంది దోన్యా ఓఫిర్ తెర దగ్గర్నుంచే. "ఎటు లాగుతున్నావే నువ్వు? ఒకసారి నీ చెయ్యి చూసుకో."

చూసుకుంది. చెయ్యి మెడ దగ్గర మొదలై, పైకి, చెంప మీదికి పోతోంది. కిందికి పోవలసిన నీటిని పైకి తోడుతోంది. మెడ కింద దారి తెరవనే లేదు. ఇవాళే కాదు, ఊరినుంచి వచ్చినప్పటి నుంచీ ఇంతే కాబోలు. చెల్లెలు తనను పట్టుకుని వేలాడుతోందనుకుంది ఇన్నాళ్లూ. ఛీ, పట్టుకున్నది తనే.

బ్రష్షు పక్కన పెట్టి, మెడ కింది గుంటల్లో వేళ్లు ఆనించింది. ఆ వేళ్లు తనవి కానట్టు మొరాయించాయి. అయినా ఒత్తింది. దారి తెరుచుకున్నట్టు వేళ్లకు తెలిసింది. మళ్లీ బ్రష్షు తీసుకుని చెంప మీంచి చెవి వెనక్కి, మెడ మీదుగా కిందికి లాగింది. కన్ను తెరిపిన పడింది. చెంప ఎముక తేలింది. ఇంకోసారి. పెదవి సన్నబడింది. గడ్డం దగ్గర చిన్ననాటి గాటు, దాన్నే మరిచిపోయింది తను, అది కూడా కనిపించింది.

నసారియా. అచ్చంగా నసారియా.

కానీ దెయనీరా వెతుక్కున్న నసారియా కాదు. జడలు వేయించుకునే పిల్ల కాదు, అక్కను చూసి కరిగిపోయే పిల్లా కాదు. ముప్పై ఎనిమిదేళ్ల ఆడది. కళ్ల చివర ముడతలు, పనిచేసి అలిసిన నోరు. కనుబొమలు ముడుచుకుని, విసుగ్గా ఉంది ఆ ముఖం. పొద్దున్నే గిడ్డంగి బండి వచ్చి నిలబడితే, చెప్పులు దొరక్క, "జరుగక్కా, అడ్డం లే!" అని అరిచేదే, సరిగ్గా ఆ విసుగు.

ఇక్కడ ఆపేస్తే ముఖం ఉంటుంది. ఇంకొక్క గీత గీస్తే ఉండదు. దెయనీరా చెయ్యి గాల్లో ఆగింది. ఎంతసేపు ఆగిందో. ఒక్కసారి నవ్వమని అడుగుదామనిపించింది. అడగలేకపోయింది. దాని నవ్వు కోసం దాన్ని ఇంకా కట్టేయడం ఏం న్యాయం?

"కోపమొచ్చిందా?" అంది మెల్లగా. "రాదూ మరి. నేనే కదూ ఆపింది. పోవే తల్లీ. ఆ ముఖంతోనే పో. బాగుంది."

బ్రష్షును చెవి వెనక నుంచి మెడ మీదుగా చివరిదాకా దించింది.

నోయెమీ కళ్లు తెరిచింది. ఆమె ముఖం ఆమెకుంది, నున్నగా, తేటగా. దెయనీరా వైపు చూసి బిత్తరపోయింది.

"అయ్యో, ఏడుస్తున్నావేం తల్లీ? అంత ఘోరంగా ఉన్నానా?"

"లేదు దోన్యా. బాగున్నారు. వియ్యపురాలు కుళ్లి చావాలి," అని నవ్వబోయి, నవ్వలేక, మంచం కోడు పట్టుకుని కూలబడి, పెద్దగా ఏడ్చింది. చెల్లెలి పెట్టె దించినప్పుడు కూడా అలా ఏడవలేదు.

దోన్యా ఓఫిర్ ఎప్పుడు తెర దాటి వచ్చిందో, వచ్చి నేల మీద పక్కన చతికిలబడింది. ఆ భారీ మనిషి నేల మీద కూర్చోవడం ఆ ఇంట్లో ఎవరూ చూడలేదు.

"ఎవరి కోసమే ఇంత ఏడుపు?"

"మా చెల్లెలు పోయింది దోన్యా."

"పోయి చాలా రోజులైందిగా పిల్లా."

"లేదు," అంది దెయనీరా. "ఇప్పుడే పోయింది."