ఏడుగురు రాజులమ్మలు, ఒక్క ఫొటో

ఆ పుస్తకం నాది కాదు. గుణుపూర్ కాలేజీలో చదివే అమూల్య అనే అమ్మాయి మా పిన్ని షాపులో నలభై ఆరు పేజీలు ప్రింటు తీయించుకుని, స్పైరల్ బైండింగు వేయమని చెప్పి, సాయంత్రం వచ్చి తీసుకుంటానని వెళ్ళి మళ్ళీ రాలేదు. రెండు నెలలు అది కౌంటరు కింద కవరులోనే ఉంది. అట్ట మీద "షెల్ స్క్రిప్టింగ్: మొదటి పాఠాలు" అని ఉంది. ప్లస్ టూ పరీక్షలయ్యాక నేను రోజూ షాపులో కూర్చునేదాన్ని. ఏమీ తోచక ఒకరోజు కవరు విప్పాను.

మా పిన్ని లలితకుమారికి ఒడిశాలోని రామనగుడ బజారులో జిరాక్సు, ఫొటోల షాపు ఉంది. అక్కడి కంప్యూటరు బాగా పాతది. అది మరీ నత్తలా నడుస్తుంటే, బాగుచేసేవాడు విండోస్ తీసేసి లినక్స్ వేసి ఇచ్చాడు. అందులో నల్ల కిటికీ ఒకటి ఉంటుంది. పిన్ని దాన్ని పొరపాటున తెరిస్తే వెంటనే మూసేసేది. ఆ కిటికీలో మాటలు టైపు చేస్తే కంప్యూటరు పని చేస్తుందనీ, ఆ మాటలు అందుకునేదాన్ని షెల్ అంటారనీ, ఆ మాటల్ని వరసగా ఒక ఫైల్లో రాసి పెట్టుకుంటే దాన్నే స్క్రిప్టు అంటారనీ పుస్తకంలో ఉంది.

నాకు అది మొదటిరోజే నచ్చింది. దానితో మాట్లాడటానికి గొంతు అక్కర్లేదు. పైగా చెప్పిన పని సరిగ్గా అయితే షెల్ ఏమీ అనదు. ఊరికే తర్వాతి మాట కోసం ఎదురుచూస్తుంది. నేనూ దాదాపు అలాంటిదాన్నే. షాపుకి ఎవరైనా వస్తే జిరాక్సు మిషను వెనక్కి వెళ్ళిపోతాను. చెప్పాలనుకున్నవి డైరీలో రాసుకుంటాను. బడిలో అందరం ఒడియా చదువుకున్నాం కాబట్టి, డైరీ తెలుగులో రాస్తే మా క్లాసులో చాలామందికి చదవడం రాదు. అదో సుఖం.

పదిరోజుల్లో రెండు స్క్రిప్టులు రాశాను. ఒకటి ఆ రోజు స్కాన్లన్నిటినీ తేదీ పేరున్న ఫోల్డరులో పెడుతుంది. రెండోది పాస్‌పోర్టు ఫొటోల సైజు తగ్గిస్తుంది. అరగంట పని రెప్పపాటులో అయ్యేసరికి పిన్ని వచ్చినవాళ్ళందరికీ నా గురించి చెప్పడం మొదలుపెట్టింది. ఆ వారమంతా నేను మిషను వెనకే ఉన్నాను.

అప్పుడు కంటి శిబిరం పని వచ్చింది. రాయగడ నుంచి ఒక సంస్థవాళ్ళు ఏటా మే నెలలో గుణుపూర్‌లో శుక్లాల ఆపరేషన్లు చేయిస్తారు. ఆ పని చూసే లక్ష్మిప్రియ గారు ఒడియాలో చాలా స్పష్టంగా చెప్పారట. ప్రతి మనిషి ఫొటో ఉండాలి, ఫొటో ఫైలుకి ఆ మనిషి పేరుండాలి, అన్నీ గురువారం మధ్యాహ్నం పన్నెండుకల్లా చేరాలి. ఫొటో లేకపోతే కార్డు రాదు. కార్డు లేకపోతే శుక్రవారం బస్సు ఎక్కించరు. మళ్ళీ వచ్చే ఏడాదే.

పిన్ని శని, ఆదివారాల్లో పంచాయతీ ఆఫీసు వరండాలో కుర్చీ వేసి తొంభై నాలుగు ఫొటోలు తీసింది. ఏ నంబరు ఫొటో ఎవరిదో నోటుబుక్కులో రాసింది. సోమవారం ఒక పెళ్ళి ఒప్పుకుంది కాబట్టి ఫొటోలన్నీ కంప్యూటరులోకి ఎక్కించి కెమెరా కార్డు ఖాళీ చేసేసింది. ఫైళ్ళకి పేర్లు మార్చే పని నాది.

పుస్తకం పంతొమ్మిదో పేజీలో ఒక హెచ్చరిక ఉంది. ఫైలు పేర్లలో ఖాళీలూ, బ్రాకెట్లూ పెట్టకండి, షెల్ తికమకపడుతుంది అని. పిన్ని నోటుబుక్కు నిండా అవే. రాజులమ్మ (బోరు కాడ). రాజులమ్మ (గొర్రెలు). రాజులమ్మ (కొత్తిల్లు). మన్మథరావు (ట్రాక్టరు). ఇదంతా పిన్ని చిందరవందర రాత అనుకుని, బ్రాకెట్లనీ వాటిలో ఉన్నవాటినీ తీసేసి, శుభ్రంగా ఉత్త పేర్ల పట్టీ చేశాను. చూడటానికి ఎంత బాగుందో.

ఇక్కడ మా ఊళ్ళ సంగతి ఒకటి చెప్పాలి. మా ముత్తాతలు శ్రీకాకుళం వైపు నుంచి ఇక్కడికి సాగుకి వచ్చినప్పుడు తమ అమ్మవారిని కూడా తెచ్చుకున్నారు. ఆవిడ పేరు రాజులమ్మ. మా అమ్మమ్మల కాలం దాకా ఇంట్లో మొదట పుట్టిన ఆడపిల్లకి ఆ పేరే పెట్టేవారు. అందుకే అరవై దాటిన ఆడవాళ్ళున్న వీధిలో నిలబడి రాజులమ్మా అని పిలిస్తే నాలుగు తలుపులు తెరుచుకుంటాయి. ఎవరూ అలా పిలవరు. గొర్రెల రాజులమ్మ అనో, బోరు కాడ రాజులమ్మ అనో అంటారు. ఇవన్నీ నాకు పుట్టినప్పటి నుంచీ తెలుసు. కంప్యూటరు ముందు కూర్చున్నప్పుడు మాత్రం గుర్తు రాలేదు.

మంగళవారం పొద్దున స్క్రిప్టు నడిపాను. షెల్ ఏమీ అనలేదు. సంతోషంగా ఫైళ్ళు లెక్కపెట్టమన్నాను. ఎనభై ఒకటి అంది.

మళ్ళీ లెక్కపెట్టమన్నాను. ఎనభై ఒకటే.

ఫైలు పేరు మార్చడానికి mv అనే రెండక్షరాల మాట ఉంటుంది. ఆ కొత్త పేరుతో అప్పటికే ఇంకో ఫైలు ఉంటే, ఇది వెళ్ళి దాని చోట్లో కూర్చుంటుంది. పాతది పోతుంది. అడగదు, చెప్పదు. ఏడుగురు రాజులమ్మలూ వరసగా ఒకే కుర్చీలో కూర్చున్నట్టు కూర్చుని, చివరికి కొత్తింటి రాజులమ్మ ఒక్కతే మిగిలింది. నలుగురు పైడమ్మల్లో ఒకరు, ముగ్గురు అసిరమ్మల్లో ఒకరు, ముగ్గురు మన్మథరావుల్లో ఒకరు మిగిలారు. మొత్తం పదమూడు ఫొటోలు పోయాయి.

మిషను వెనక గంటసేపు కూర్చున్నాను. తర్వాత జరిగినదంతా డైరీలో రాసి, ఆ పేజీ తెరిచి కౌంటరు మీద పిన్ని ముందుకి జరిపాను. షాపు నిండా అడ్మిషన్ ఫారాల పిల్లలున్నారు. పిన్ని నిలబడే చదివింది.

"పదమూడు మందా అమ్మి?"

తలూపాను.

"నాను ఎల్తే ఈ ఫారాలు ఎవులు సూస్తారు? నువ్వు కౌంటరు కాడ నిల్సుంటావా?"

అడ్డంగా ఊపాను.

"అయితే కెమెరా పట్టుకుని ఊళ్ళోకెల్లు. ఇక్కడుంటే నలభై మందితో మాటాడాల. అక్కడయితే పదమూడు మందే."

కెమెరా మెళ్ళో వేసుకుని బయల్దేరాను.

మొదటి పైడమ్మ ఇంటి ముందు ఐదు నిమిషాలు ఊరికే నిలబడ్డాను. చివరికి వాళ్ళ కుక్క అరిచి నా పని చేసిపెట్టింది. మొన్ననే తీశారు కదా, మళ్ళీ ఎందుకని ఆవిడ అడిగింది. దారిలో తయారుచేసుకున్న జవాబు సగంలో మర్చిపోయి, నా తప్పు వల్ల పోయిందని మాత్రం చెప్పాను. అది చాలింది. మూడో ఇంటి నుంచి ఆ ఒక్క మాటే చెప్పాను.

బుధవారానికి కబురు నాకన్నా ముందే నడవడం మొదలుపెట్టింది. నేను వెళ్ళేసరికి తలలు దువ్వుకుని, కుర్చీలు వేసుకుని కూర్చుంటున్నారు. ట్రాక్టరు మన్మథరావు గారు ఏకంగా ట్రాక్టరు పక్కనే నిలబడ్డారు. ఫొటోలో మొహం ఒక్కటే వస్తుందని ఒప్పించడానికి పావుగంట పట్టింది. బోరు కాడ రాజులమ్మ అయితే ఎదురింటి కొత్తింటి రాజులమ్మతో అరుగు మీద నుంచే పేచీ పెట్టుకుంది. "నా మీద ఎక్కి కూసున్నావంట గదే. ఊపిరాడక సచ్చిపోనాను." ఎదురింటి ఆవిడ, సన్నగా ఉన్నదాన్ని కాబట్టి బతికిపోయావంది. వాళ్ళిద్దరూ నవ్వుతుంటే, నాకూ ఫొటోలు పోయాక మొదటిసారి నవ్వొచ్చింది.

సాయంత్రానికి పన్నెండు అయ్యాయి. గొర్రెల రాజులమ్మ ఒక్కతే మిగిలింది.

నిజానికి ఆ శిబిరం అందరికన్నా ఆవిడకే ఎక్కువ అవసరం. రెండు కళ్ళకీ శుక్లాలు ముదిరిపోయాయి. చలికాలంలో కాలవలో పడి చెయ్యి విరగ్గొట్టుకుంది. ఆదివారం కూడా ఫొటోకి రానంటే రానని మొండికేస్తే, కోడలు సత్యవేణి బతిమాలి తీసుకొచ్చిందట. వాళ్ళింటికి వెళ్తే ఆవిడ లేదు. వేసవిలో ఎరువు కోసం గొర్రెల మందని పొలాల్లో పెట్టించుకుంటారు. అలా వంశధార ఒడ్డున ఎవరిదో పొలానికి మందతోపాటు వెళ్ళింది. ఫోను వాడదు. రేపు మధ్యాహ్నంలోపు నువ్వు ఒప్పించగలిగితే ఒప్పించు, నావల్ల కాదు అంది సత్యవేణి.

గురువారం సైకిలు మీద బయల్దేరి, దారి తప్పి, అడిగి, మళ్ళీ తప్పి, పదింటికి ఆ పొలం చేరాను. తుమ్మచెట్టు కింద కర్ర ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది.

"ఎవులది?"

చెప్పాను.

"గట్టిగా మాటాడు. నాకు పోయినవి కళ్ళు, సెవులు కాదు. అయినా నీ మాట నా కాడికి రాట్లేదు."

మళ్ళీ చెప్పాను.

"ఓ, నన్ను మాయం సేసిన పిల్లవా." ఎలా మాయం చేశానో చెప్పమంది. చెట్టు కింద కూర్చుని మొత్తం చెప్పాను. పుస్తకం, బ్రాకెట్లు, పేర్లు, ఒకదాని మీద ఒకటి కూర్చోవడం. ఒక మనిషితో నేను అంతసేపు ఎప్పుడూ మాట్లాడలేదు.

"ముప్పై ఆరు గొర్రెలున్నాయి నాకు. ఒకదాని పేరు ఇంకోదానికి నేదు. సుక్కా అంటే సుక్కే వస్తాది. మడుసులకే పేర్లు కరువయిపోనాయి." కొంచెం ఆగింది. "నీ మిసను అడగదేటి, దీని మీద పడీమంటావా అని?"

"అడగమంటే అడుగుతుంది మామ్మా. నేను చెప్పలేదు."

అది నిజం. mv పక్కన -i అని పెడితే ప్రతిసారీ అడుగుతుంది. ఇరవయ్యో పేజీలో ఉంది. నేను పంతొమ్మిదితో ఆపేశాను.

ఫొటో తీస్తానంటే మాత్రం కర్ర నేలకేసి కొట్టింది. "ఒకపాలి కూసున్నాను, సాలు. ఆధార్ కార్డులో నా బొమ్మ సూసి రేషన్ కొట్టు కాడ నవ్వేరు. ఎందుకు నవ్వేరో నాకు తెల్దు. ఎవులు నవ్వేరో కూడా తెల్దు. ఇంకోటి నాకొద్దు."

ఎప్పుడూ అయితే అక్కడితో తలూపి వచ్చేసేదాన్ని. వచ్చేస్తే ఆవిడ ఇంకో ఏడాది ఇలాగే కాలవల పక్కన నడవాలి. అదీ నా వల్ల. సైకిలు పట్టుకుని కూడా కదల్లేకపోయాను.

"మామ్మా, తీశాక ఎలా ఉన్నావో నేను చెప్తాను. ఉన్నదున్నట్టు చెప్తాను."

"అబద్దమాడితే?"

"అబద్ధాలు చెప్పేటన్ని మాటలు నాకు రావు."

ఆవిడ కర్ర పట్టుకుని లేచింది. పైట సర్దుకుని, ఎండలోకి వచ్చి నిలబడింది. నేను తీశాను.

"సెప్పు."

కెమెరాలో చూశాను. జుట్టు గాలికి లేచింది. కనుబొమలు రెండూ దగ్గరికొచ్చాయి. పెదవులు బిగించి ఉంది. బాగున్నావు అంటే ఒక్క మాటతో అయిపోయేది.

"కోపంగా ఉన్నావు మామ్మా."

"నవ్వొచ్చీలాగున్నానా?"

"లేదు. కొంచెం భయమేసేలా ఉన్నావు."

"అయితే నానే," అని మళ్ళీ వెళ్ళి చెట్టు కింద కూర్చుంది.

షాపుకి వచ్చేసరికి పదకొండున్నర. పట్టీలో ఆ పదిహేడు పేర్లూ మళ్ళీ రాశాను. బ్రాకెట్ల బదులు మధ్యలో చిన్న గీత పెట్టాను. గొర్రెల-రాజులమ్మ, బోరుకాడ-రాజులమ్మ, ట్రాక్టరు-మన్మథరావు. స్క్రిప్టులో -i చేర్చాను. ముందు ఫోల్డరు మొత్తం ఇంకోచోట కాపీ పెట్టాను. అదీ కొత్తగా నేర్చుకున్నదే. నడిపాను. షెల్ ఏమీ అడగలేదు. లెక్కపెట్టమంటే తొంభై నాలుగు అంది. పిన్ని నా భుజం మీద నుంచి చూస్తూ, నువ్వే పంపు అంది. పంపాను. పన్నెండుకి ఏడు నిమిషాలు ఉందనగా లక్ష్మిప్రియ గారి నుంచి "ఠిక్ అఛి", అంటే సరిగ్గా ఉందని, ఒడియాలో రెండు ముక్కల జవాబు వచ్చింది. శుక్రవారం తొంభై నలుగురూ రెండు బస్సుల్లో వెళ్ళారు.

మూడు వారాల తర్వాత గొర్రెల రాజులమ్మ షాపుకి వచ్చింది. కుడి కంటికి ఆపరేషన్ అయింది, రెండోది మళ్ళీ ఏడాది. నల్లద్దాలు నుదుటి మీదకి తోసుకుని ఉంది. పిన్ని అన్నానికి వెళ్ళింది కాబట్టి కౌంటరు దగ్గర నేనే ఉన్నాను. ఫారాల పిల్లలు బారుగా నిలబడ్డారు. ఆవిడ బారుని పట్టించుకోకుండా ముందుకొచ్చి తన ఫొటో చూపించమంది. తెరిచాను. ముక్కు తెరకి ఆనేటంత దగ్గరగా వంగింది.

"ఈ ముసిలిది ఎవులు?"

"నువ్వే మామ్మా."

చాలాసేపు చూసింది. "కోపంగా ఉన్నానన్నావు."

"అవును."

"ఇది కోపం కాదు అమ్మి. సూరుడు నీ ఎనకాల ఉన్నాడు. ఎండకి కళ్ళు సికిలించేను. ఆపాటి తెల్దేటి నీకు, ఫొటోలు తీస్తావు?"

బారులో పిల్లలు పకపకా నవ్వారు. ఆవిడ తిరిగింది. ఒక్కొక్కరినీ, చివరిదాకా, తాపీగా చూసింది. నవ్వు దానంతటదే ఆగింది. ఎవరు నవ్వారో ఈసారి ఆవిడకి కనిపించింది.

"ఇది పెద్దది సేసి ఒకటి ఇవ్వు," అంది నాతో. "రేషన్ కొట్టు గోడకి అంటిస్తాను."