ముడి జారిందని రాసిన రోజు

ఉత్తరం వచ్చినప్పటి నుంచి ఆమెకు ఒళ్ళంతా కారం రాసుకున్నట్టే ఉంది. బహుమతి కమిటీ వాళ్ళు మర్యాదగానే రాశారు. మూత్రాశయం కండరంలో మందును పట్టుకుని దాన్ని సడలించే ఆ గ్రాహకం ఉందని మొదట గుర్తించింది ఎవరు? ఆనాడు ప్రయోగశాలలో ఆ బల్ల దగ్గర పనిచేసిన వారిలో, మా అభ్యర్థి కాక, మీరొక్కరే మిగిలి ఉన్నారు. మీరు చెప్పినదాన్ని బట్టే నిర్ణయిస్తాం అన్నారు.

"మొదట చూసింది నేను. నత్త కాదు," అంది భర్తతో.

నత్త అంటే ఆమె పాత స్నేహితురాలు, ఇప్పుడు ఆ బహుమతికి అభ్యర్థి. ఏ పనైనా నింపాదిగా చేస్తుందని ప్రయోగశాలలో ఆ పేరు పెట్టారు. ఈమెను తొందర అనేవారు. ఇప్పుడు నత్త పరిశోధన ఆధారంగా వేల వ్యాసాలు వచ్చాయి, మాత్ర కూడా వచ్చింది. తొందర మాత్రం పాఠాలు చెప్పుకుని రిటైరైంది.

"ఎవరు చూస్తేనేం? ఆ మాత్ర పుణ్యమా అని మూడు గంటలు బస్సులో కూర్చుని మా చెల్లెల్ని చూసొచ్చాను. ఇదివరకు మలుపు మలుపుకీ డ్రైవర్ని బతిమాలేవాణ్ణి."

"మింగండి, మింగండి. దాని ఫోటోకి దణ్ణం కూడా పెట్టండి."

"కడుపు నీ పార్టీయే. మూత్రాశయం మాత్రం ఆవిడ పార్టీ."

ఆమెకు నవ్వొచ్చింది. నవ్వొచ్చినందుకు మరింత మండింది. లేచి పెట్టెలోంచి పాత నోటుబుక్కు తీసింది.

ఆ రోజుల్లో మూత్రాశయం కండరం నుంచి అగ్గిపుల్లంత ముక్క కోసి, రెండు కొసలా దారంతో ముడివేసి, గోరువెచ్చని ఉప్పునీళ్ళ గాజు గొట్టంలో వేలాడదీసేవారు. ముక్క బిగిస్తే, పై దారానికి తగిలించిన పెన్ను గీసే గీత కాగితం మీద పైకి లేచేది, సడలితే కిందికి దిగేది. అప్పటికి తెలిసిన గ్రాహకాలన్నిటినీ వేరే మందులతో మూసేసి మరీ ఆమె కొత్త మందు చుక్క వేసింది. అయినా గీత మెట్లు దిగినట్టు దిగింది. అంటే ఎవరికీ తెలియని గ్రాహకం ఇంకొకటి ఉందన్నమాట. ఆ గీత ఇదిగో, పేజీలో అంటించి ఉంది. తేదీ నత్త వ్యాసం కంటే ఏడు నెలలు ముందు. ఇది పంపితే చాలు, నత్త నోటికాడి ముద్ద జారిపోతుంది.

గీత కింద మాత్రం తన చేతిరాతే ఉంది: "ముడి జారింది. ముక్క పారేశాను."

ముడి జారినా గీత అలాగే దిగుతుంది. గీత దిగితే ముందు ముడి చూడు అని ఆ బల్ల దగ్గర మొదటి రోజే నేర్పుతారు. తను చూసిందా? గుర్తులేదు.

ఆ ఒక్క వాక్యం కత్తిరించేస్తే ఎవరికి తెలుస్తుంది? కత్తెర తెచ్చుకుంది. కాగితం అంచున ఆనించింది. కత్తెర పక్కన పెట్టి, ఇరవై ఏళ్ళుగా చెయ్యని ఫోన్ చేసింది.

"ఏమే తొందరా! బతికే ఉన్నావా?"

"నీ వైభోగం చూడకుండా ఎలా పోతానే? ఒకటి అడుగుతాను, నిజం చెప్పు. నేను పారేసిన ముక్క నువ్వు తీశావా?"

"తీశాను. చెత్తబుట్టలో ఉంది. ముడి చూశాను. బిగుసుకుపోయి ఉంది."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"చెప్పకపోవడమేమిటే? నువ్వు కోటు విప్పేసి మెట్లు దిగుతున్నావు. ముడి బాగానే ఉందే అని అరిచాను. అయితే నువ్వే దాచుకో అన్నావు. దాచుకున్నాను."

ఆమె పేజీలోని ఆ వాక్యం మీద వేలు పెట్టింది.

"నేను వేరే ఊరికి వెళ్ళిపోయే రోజున వ్యాసంలో నీ పేరు వెయ్యనా అని అడగడానికే వచ్చాను. స్టోరు గదిలో దాక్కున్నావు. రెండుసార్లు పిలిచాను. తలుపు కింద నీ చెప్పులు కనిపిస్తూనే ఉన్నాయి."

"కనిపించాయా?"

"నీలం పట్టీల చెప్పులు. ఎంతసేపని నిలబడను? రైలు వేళయింది."

ఆమె ఫోన్ పెట్టేసింది. తనది కాజేసిందని ఇన్నేళ్ళూ దాని మీద పడి ఏడిస్తే, దాచుకోమన్నది తనేనని తేలాక, ఏడుపు ఎవరి మీదికి మళ్ళించాలో తెలియలేదు. అయినా మంట ఆరలేదు. ఆరేదైతే ఎప్పుడో ఆరేది.

నోటుబుక్కు పేజీ మొత్తానికీ నకలు తీయించింది. కింద రాసింది: "గీత మొదట చూసింది నేను. ముడి చూసింది ఆమె. గ్రాహకం ముడి చూసినవాళ్ళకే దొరికింది."

పోస్టు డబ్బా దగ్గర కవరు సగం లోపలికి పెట్టి, కొస వదలకుండా నిలబడింది. వెనక ఒకావిడ విసుక్కుంది.

"వేస్తారా, వెయ్యరా అమ్మా?"

"వేస్తున్నాను తల్లీ, వెయ్యక చస్తానా!" అని కొస వదిలేసింది.