లేచి చూసిన పరుపు

ఆకలి రుచెరగదు, నిద్ర సుఖమెరగదు అన్నారు పెద్దలు. ఆ మాట పుట్టించిన పెద్దమనిషికి మోకాళ్ళ నొప్పులు లేవని డ్రైవరుకి గట్టి నమ్మకం. ఉండుంటే రెండో సగం ఆయన నోట్లోనే ఆగిపోయేది.

డ్రైవరు భార్యని వీధివీధంతా టైలరమ్మ అంటుంది. ముప్ఫై ఏళ్ళుగా కుట్టుమిషను తొక్కి తొక్కి ఆవిడ మోకాళ్ళనీ తుంట్లనీ వాతానికి అప్పగించేసింది. పగలంతా బాగానే తిరుగుతుంది. పొద్దున్న లేవడమే గండం. రాత్రంతా కదలని కీళ్ళు తెల్లారేసరికి బిగుసుకుపోతాయి. గోరుచుట్టు మీద రోకటిపోటులా, పెళ్ళినాటి దూదిపరుపు నడిమధ్యన గుంటపడి, అందులో పడుకున్న మనిషిని ఓ పట్టాన వదలదు. అందుకని రోజూ డ్రైవరే ముందు లేచి, మంచం పక్కన నిలబడి చెయ్యందిస్తాడు. ఆవిడ పట్టుకుంటుంది.

"ఐలేసా!" అంటాడు ఆయన.

"మీ బస్సనుకున్నారా, తొయ్యడానికి?" అంటుంది ఆవిడ.

పదకొండేళ్ళుగా ఇదే మాట, ఇదే జవాబు. ఇద్దరికీ ఇంకా విసుగు పుట్టలేదు.

ఇప్పుడు వచ్చే ఒకటో తారీఖు నుంచి డ్రైవరుకి మొదటి బస్సు వేశారు. తెల్లవారుజామున నాలుగింటికల్లా డిపోలో ఉండాలి. ఆ వేళప్పుడు ఆవిణ్ణి లేపడం అన్యాయం. లేపకపోతే మధ్యాహ్నం ఆయన తిరిగొచ్చేదాకా ఆవిడ మంచానికి అతుక్కుపోవలసిందే. ఆమధ్య ఆయన పొరుగూరు వెళ్ళిన రోజున అంతపనీ జరిగింది. గంటన్నర కిందామీదా పడి, చివరికి నేలమీదకి దొర్లి, మిషను కాలు పట్టుకుని లేచింది. ఆ సంగతి వారం దాకా బయటపెట్టలేదు. విన్ననాడు డ్రైవరుకి ముద్ద దిగలేదు.

అందుకే ఆదివారం మధ్యాహ్నం, వాన తుంపరలో, ఇద్దరూ పరుపుల కొట్టుకి వెళ్ళారు. ఆరు నెలలుగా కూడబెట్టిన డబ్బు టైలరమ్మ చేతిసంచిలో ఉంది. డాక్టరు మరీ మెత్తన వద్దు, మరీ గట్టి వద్దు అన్నాడు. ధర ఎంతలో ఉండాలో మాత్రం చెప్పలేదు. ఆయనకేం పోయింది!

కొట్టాయన మనిషి సన్నం, మాట దొడ్డు. "ఇది చూడండి సార్, దూదిమబ్బే! పడుకుంటే మళ్ళీ లేవబుద్ధి కాదు."

"మాకు లేవబుద్ధయ్యేది కావాలి," అన్నాడు డ్రైవరు.

టైలరమ్మ గుడ్డ నాణ్యం చూసినట్టు పరుపుని రెండు వేళ్ళతో నలిపి చూసింది. అంచున కూచుని లేచింది. "బాగానే ఉంది. పదండి."

"పడుకుని చూడవే."

"నలుగురిలో పడుకోవడం ఏమిటండీ, సిగ్గులేకుండా?"

"నలుగురెక్కడ? ఆయనా నేనూనేగా."

సణుక్కుంటూ పడుకుంది. రెండు నిమిషాల్లో లేచింది. పక్కనున్న చవక పీచుపరుపు మీద కూడా పడుకుంది, తుంటి నొక్కుకుందని మొహం చిట్లించింది. "ఈమాత్రానికి డబ్బులెందుకు, నేల ఉందిగా!" అంది. కానీ దాని మీంచీ ఇట్టే లేచింది. మూడోది, అడుగున పీచూ పైన సన్నటి రబ్బరు పొరా ఉన్నది, దాని మీంచీ అంతే.

అన్నిటి మీంచీ అంత సులువుగా లేస్తుంటే డ్రైవరుకి అనుమానమొచ్చింది. వేడి మీదున్న ఇంజను ఎవరు తిప్పినా తిరుగుతుంది. దాని అసలు రంగు చలిపొద్దున బయటపడుతుంది. ఈవిడ ఇంటిదగ్గర్నుంచి నడిచొచ్చింది, కీళ్ళు వేడిగా ఉన్నాయి.

"చూడండి, మా ఆవిడ ఓ గంట పడుకోవాలి," అన్నాడు కొట్టాయనతో.

"గంటా! ఇది కొట్టు సార్, సత్రం కాదు!"

"వానలో ఎలాగూ బేరం లేదు. పైగా మీ పరుపు మీద మనిషి ఆదమరిచి నిద్రపోతుంటే, దాన్ని మించిన బోర్డుంటుందా?"

కొట్టాయన ఆలోచించాడు. బోర్డు మాట ఆయనకి నచ్చింది.

ముందు మబ్బు పరుపు. అరగంటయ్యాక లెమ్మంటే టైలరమ్మ అందులోంచి మోచెయ్యి కూడా పైకి తీసుకోలేకపోయింది. మోపిన చోటల్లా దిగబడిపోయింది. డ్రైవరు రెండు చేతులా లాగవలసి వచ్చింది.

"వాళ్ళ మబ్బు వాళ్ళకే ఉండనీండి," అంది ఊపిరి పీల్చుకుంటూ.

తరవాత రబ్బరు పొరది. పక్కకి తిరిగి పడుకుంది. కాసేపు చూరు మీద వాన చప్పుడు విన్నది. తరవాత నిజంగానే నిద్రపోయింది. డ్రైవరు ముక్కాలిపీట వేసుకుని పక్కనే కూచున్నాడు. ఆవిడ నిద్రని అంత తీరిగ్గా చూసి చాలా కాలమైంది. నుదుటి మీద ముడుత విడిపోయి ఉంది.

గంట దాటాక కళ్ళు తెరిచింది. అలవాటు ప్రకారం కుడిచెయ్యి పైకెత్తింది. అలవాటు ప్రకారమే డ్రైవరు లేచి సగం దాకా చెయ్యి చాపాడు. అప్పుడు గుర్తొచ్చింది. చెయ్యి వెనక్కి తీసుకుని, రెండు చేతులూ నడుం వెనక కట్టుకున్నాడు.

"ఏం, చెయ్యి నొప్పా?" అంది.

"ఒకటో తారీఖనుకో. నేను బస్సులో ఉన్నాను."

ఆవిడ మొహంలో ముందు కోపం వచ్చింది. తరవాత భయం వచ్చింది. డ్రైవరుకి ఆ భయం చూడటం కష్టమైంది, అయినా చూపు తిప్పుకోలేదు.

మోచెయ్యి మోపి ఓసారి లేవబోయింది. మోకాలు కటుక్కుమంది. వెనక్కి పడిపోయింది.

"పట్టుకోమ్మా," అంటూ కొట్టాయన చెయ్యి చాపాడు.

"ముట్టుకోకండి!" డ్రైవరు అరిచిన అరుపుకి కొట్టాయన బెదిరి రెండడుగులు వెనక్కి వేశాడు.

టైలరమ్మ కళ్ళు మూసుకుని ఆగింది. తరవాత పక్కకి ఒత్తిగిల్లి, కాళ్ళు కిందకి జార్చి, పరుపు అంచుని అరచేత్తో నొక్కింది. అంచు దిగలేదు. కూచుంది. పళ్ళు బిగబట్టి నిలబడింది.

డ్రైవరుకి కళ్ళు చెమర్చాయి. సంతోషమే. కానీ వెనక కట్టుకున్న చేతుల్ని విప్పాక వాటినేం చెయ్యాలో తోచలేదు.

"ఇదే," అన్నాడు.

వచ్చిన చిక్కల్లా, తెచ్చిన డబ్బుకి ఆ రకంలో ఒక మనిషికి సరిపోయేదే వస్తుంది. దుప్పటి ఉన్నంతవరకే కాళ్ళు చాపుకోవాలి కదా. ఇంట్లో ఎలాగూ రెండు మంచాలు కలిపి వేసుకున్నవే.

"ముప్ఫై ఏళ్ళకి వేరు కాపురమా?" అంది టైలరమ్మ.

"పక్కపక్కనేగా. నువ్వు మెరక మీద, నేను పల్లంలో."

"మీరెందుకు పల్లంలో? పాతదాన్ని సగానికి కోసి, దూది దులిపి, గుంట లేకుండా నేనే కుట్టిపెడతాను." ఆ రాజీతో బేరం కుదిరింది.

ఒకటో తారీఖు వచ్చింది. ముందురోజే ఒప్పందం చేసుకున్నారు. ఆరున్నరకి బస్సు వీధి మలుపులో ఆగుతుంది. లేవగలిగితే ఆవిడ గుమ్మంలో కనపడాలి.

ఆరున్నరకి డ్రైవరు మలుపులో బస్సాపాడు. ఇద్దరెక్కారు. గుమ్మం ఖాళీగా ఉంది. ఇంకో నిమిషం ఆపాడు.

"ఏమైందన్నా, పోనీ!" అన్నాడు కండక్టరు. వెనక సీట్లలో గొణుగుడు మొదలైంది. డ్రైవరు స్టీరింగు వదిలేసి దిగిపోదామా అనుకున్నాడు.

అప్పుడు తలుపు తెరుచుకుంది. టైలరమ్మ గుమ్మం పట్టుకుని నిలబడింది. జుట్టు ముడి ఊడిపోయి ఉంది. మొహమంతా నవ్వు. కుడిచెయ్యి పైకెత్తి ఊపింది.

డ్రైవరు కిటికీలోంచి తన చెయ్యి బయటికి చాపాడు, అలవాటు ప్రకారం, అందుకునేటట్టు. వీధంత దూరంలో ఆవిడ నోరు కదలడం కనిపించింది. వినపడకపోయినా ఆయనకి తెలుసు ఏమందో, పదకొండేళ్ళుగా వింటున్న ఆ బస్సు మాటే.

"ఐలేసా," అని బ్రేకు వదిలాడు.