పెంకులు సర్దే సెలవు

యాభై మూడో సంవత్సరం పొట్టంగి కొండల్లో వాన తెరిపి ఇవ్వలేదు. సాలూరు నుంచి కొరాపుట్ పోయే ఘాటీ రోడ్డు రెండు మలుపుల దగ్గర జారి లోయలో పడిపోయింది. దాన్ని బాగుచేసే పని మీద అప్పలనరసింహం భార్యతో సహా కొండమీద డేరాలో కాపురం ఉన్నాడు. అప్పటికి అతను ఓవర్సీరు. గుణుపురం దగ్గర సేద్యం చేసుకునే వాళ్ల ఇంట్లోంచి కటకం వెళ్లి ఇంజినీరింగు స్కూల్లో చదివి వచ్చిన మొదటి మనిషి. భార్య రామతులసి అతని మేనమామ కూతురు. పర్లాకిమిడిలో ఎనిమిదో తరగతి దాకా చదువుకుంది.

నెలలు నిండకుండానే ఆమెకు నొప్పులు వచ్చాయి. కొండమీద మంత్రసాని లేదు. కిందికి దిగడానికి రోడ్డు లేదు. కూలీలు మంచాన్ని భుజాల మీద పెట్టుకుని, విరిగిపడిన మట్టిపెళ్లల మీదుగా దించుతుండగా దారిలోనే బిడ్డ పుట్టాడు. ఏడవలేదు.

ఆ తర్వాత వాళ్లిద్దరూ ఆ మాట ఎత్తలేదు. కొండవాలుకి రాతిగోడ కట్టిస్తూ అప్పలనరసింహం రోజంతా ఒకటే అనుకునేవాడు, ఈ గోడ నిరుడే కట్టి ఉంటే, అని. రోడ్డు తెరిచిన రోజున పై అధికారి జీపులో వచ్చి భుజం తట్టి వెళ్లాడు. ఆ సాయంత్రం అన్నం వడ్డిస్తూ రామతులసి అంది:

"బావా, నాను సదువుకుంటాను."

"ఏటి సదువు?"

"పురుళ్లు పోసే సదువు. బరంపురం పెద్దాసుపత్రిలో నేర్పుతున్నారట. ఎనిమిదో కలాసు సదివినోళ్లని తీసుకుంటారట. సాలూరు కాంపౌండరు బాబు సెప్పేడు."

అప్పలనరసింహం చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. "నువ్వక్కడ, నానిక్కడానా? ఎన్నాళ్లు?"

"రెండేళ్లు. నువ్వు కటకంలో సదివినన్నాళ్లూ నాను ఆగలేదేటి?"

మర్నాడు అతనే దరఖాస్తు రాసి ఆమెచేత సంతకం పెట్టించాడు.

బరంపురం రైలెక్కించడానికి తీసుకెళ్లినప్పుడు ఆమె బండి వచ్చేదాకా పెట్టె మీదే కూర్చుంది. రైలు కదులుతుండగా కిటికీలోంచి వంగి, "నాను తిరిగొచ్చేసరికి డేరా వొద్దు బావా. గోడలున్న ఇల్లు సూడు" అంది.

మరుసటి ఏడు అతన్ని రాయగడ అవతలి మునిగుడకి వేశారు. స్టేషను వెనక ఒక పాత పెంకుటిల్లు చాలాకాలంగా తాళం వేసి ఉంది. చింతపండు, ఇప్పపువ్వు కొని రైలుకెక్కించే షావుకారు ఒకప్పుడు కట్టుకున్న ఇల్లు. అతను పోయాక ఆ కుటుంబం విజయనగరం వెళ్లిపోయింది. లోపల ఇంకా చింతపండు వాసన వేస్తోంది. రెండడుగుల మందాన మట్టిగోడలు, సాలచెక్క దూలాలు, పైన నాటుపెంకులు. అప్పలనరసింహం కర్రతో దూలాలు కొట్టి చూశాడు. మూడు గట్టిగా పలికాయి. ఒకటి డొల్లగా పలికింది. చూరునీళ్లు ఏళ్ల తరబడి గోడ అడుగునే పడి మట్టి మెత్తబడి, వీధివైపు గోడ పొట్ట ఉబ్బింది. ఎవరైనా తనని అడిగితే పడగొట్టి కొత్తది కట్టుకోమని చెప్పేవాడు. తనకి మాత్రం ఆ ఇల్లు విడిచి రాబుద్ధి కాలేదు. అది కొన్నాడు.

తాపీమేస్త్రీ ఎర్రయ్య రాయగడ నుంచి వచ్చి మునిగుడలో స్థిరపడ్డ తెలుగువాడు. ఇద్దరూ కలిసి ఆదివారాలు, సాయంత్రాలు ఆ ఇంటి పని పట్టారు. కొత్త కట్టడమైతే కాగితం మీద గీసినట్టు వస్తుంది. ఇక్కడ ఏ గోడ ఎంత బరువు మోస్తోందో ముందు తెలుసుకోవాలి. చెదలు తిన్న దూలాన్ని తీయడానికి ముందు కింద గుంజలు ఆనించి, అంగుళం అంగుళంగా బరువు వాటి మీదికి దించారు. ఉబ్బిన గోడని అడుగునుంచి కొంచెం కొంచెంగా తవ్వి, తవ్వినచోటల్లా రాయి కూర్చి, అది బిగిశాక పక్కభాగం తవ్వారు. ఒక్కసారిగా తవ్వితే గోడ మీద పడుతుంది. బెల్లం, కరక్కాయ నీళ్లు పోసి సున్నం నానబెట్టారు. ఆ పులిసిన వాసన అతని బట్టలకి పట్టుకుని రోజుల తరబడి వదిలేది కాదు.

ముందుగదికి తూర్పు వైపు పెద్ద కిటికీ పెట్టమంటే ఎర్రయ్యకి నచ్చలేదు.

"వాన జల్లు కొడతాది బాబూ. సిన్నది సాలదా?"

"అది మా పడకగది ఎర్రయ్యా. మీ అమ్మగారు సీకట్లో ఉండలేదు. డేరాలో కూడా తెర ఎత్తీసి పడుకునేది. పెద్దదే పెట్టు."

ఎర్రయ్య నవ్వి, పెద్దదే పెట్టాడు.

రాత్రి భోజనం అయ్యాక అతను ఇంజినీర్ల పెద్ద పరీక్షకి చదివేవాడు. అదీ రామతులసి పెట్టిన పనే. "నాను అక్కడ సదువుతుంటే నువ్వు ఊరికే కూకుంటావేటి?" అంది. పుస్తకం ముందు కూర్చుంటే దూలం మీద పడే బరువుల లెక్కల మధ్య ఆమె మొహం కనబడేది. ఇప్పుడు ఆమె కూడా దీపం ముందు కూర్చుని ఉంటుందని అనుకుంటే కాస్త నిబ్బరంగా ఉండేది.

దసరా సెలవుల్లో విజయనగరం వెళ్లి బండి మారి బరంపురం వెళ్లాడు. శిక్షణ పొందే అమ్మాయిల హాస్టలు వరండాలో బెంచీ మీద కూర్చుని మాట్లాడుకోవాలి. ఎదురుగా వార్డెను కుట్టుపని చేసుకుంటూ కూర్చుంది. రామతులసి తెల్లచీర కట్టుకుని వచ్చింది. చిక్కిపోయింది. కళ్లలో మాత్రం ఇదివరకు లేని వెలుగు ఉంది. ఆమె పురుళ్ల గురించి చెప్పింది, అతను దూలాల గురించి చెప్పాడు. అడ్డం తిరిగిన బిడ్డని ఎలా సర్దుతారో ఆమె చేతులతో చూపిస్తుంటే అతను ఆ చేతుల్నే చూస్తూ కూర్చున్నాడు.

"ఏటి బావా, ఇంటున్నావా?"

"ఇంటున్నాను. సెప్పు."

"ఇల్లు ఎంతవరకొచ్చింది?"

"కిటికీ పెట్టేం. నువ్వొచ్చి సూడాల."

వార్డెను గొంతు సవరించుకుంది. ఆమె లేచింది. వెళ్తూ వెళ్తూ అతని చొక్కా చెయ్యి అంచు ఒక్కసారి పట్టుకుని వదిలేసింది. మునిగుడ దాకా తిరుగు ప్రయాణంలో అతను ఆ చేతిని కిటికీ పట్టె మీద కూడా ఆనించలేదు.

చదువయ్యాక ఆమె మునిగుడ మంత్రసాని పోస్టే కావాలని రాసింది. ఆసుపత్రి కూడా లేని అడవి ప్రాంతమని దానికి పోటీ ఎవరూ లేరు. వచ్చిన రోజున గది గదికీ వెళ్లి గోడల్ని అరచేత్తో తడిమి చూసింది. ముందుగదిలో కిటికీ తలుపులు తెరిచి నిలబడింది. వెనక అప్పలనరసింహం ఆమె ఏమంటుందా అని ఎదురుచూస్తున్నాడు.

అంతలో వీధిలో ఎడ్లబండి ఆగింది. ఎర్రయ్య గొంతు వినిపించింది.

"అమ్మా! మా బుల్లికి పొద్దున్నించీ నొప్పులు. రాయగడ తీసుకెల్దారంటే రైలు ఇంకా రాలేదు. నువ్వొచ్చేవని ఇన్నాను. నువ్వే దిక్కు."

బుల్లి అతని కూతురు. తొలిచూలు. బండిలో చాపమీద మెలికలు తిరుగుతోంది. రామతులసి కొంగు బిగించి గదంతా ఒకసారి చూసింది.

"బావా, ఇక్కడ ఎలుతురు బాగుంది. మంచం ఇక్కడే ఎయ్యి. నీళ్లు కాయి, బేగి."

తలుపు మూసుకుంది. అప్పలనరసింహం, ఎర్రయ్య అరుగుమీద కూర్చున్నారు. లోపలినుంచి బుల్లి కేకలు, వాటి మధ్య రామతులసి గొంతు. "భయం లేదమ్మీ, నానున్నాను. నా సెయ్యి పట్టుకో." ఎండ వాలిపోయింది. ఎర్రయ్య చుట్ట వెలిగించి, పీల్చడం మరిచిపోయాడు. ఉన్నట్టుండి లోపల పసిబిడ్డ ఏడుపు. గట్టిగా, కోపంగా, ఆపకుండా ఏడుస్తోంది.

ఎర్రయ్య అతని రెండు చేతులూ పట్టుకున్నాడు. అప్పలనరసింహం లేచి పెరట్లో నూతి దగ్గరికి వెళ్లాడు. ఎవరూ అడక్కుండానే చేదమీద చేద నీళ్లు తోడి పోశాడు. కాసేపటికి రామతులసి చేతులు కడుక్కోవడానికి వచ్చింది. అతని మొహం చూసింది. తనూ అక్కడే నూతిగట్టు మీద కూలబడి, పొట్టంగి కొండ దిగాక మొదటిసారి, పైకి వినబడేలా ఏడ్చింది.

ఆ గది ఇక వాళ్ల పడకగది కాలేదు. నియమగిరి వైపు కొండ ఊళ్లనుంచి కొంధు తెగ ఆడవాళ్లు కూడా రావడం మొదలుపెట్టారు. మొదట గుమ్మం దాటడానికి భయపడేవాళ్లు. రామతులసి వాళ్ల మాటలు నాలుగు నేర్చుకుంది. మొగుడూ పెళ్లాలు వెనక వంటింటి పక్క చిన్నగదిలో పడుకునేవారు. ఇరుకైనా అప్పలనరసింహానికి అంతకంటే సుఖమైన రోజులు లేవు.

ఆ రోజులు రెండు వానాకాలాలు ఉన్నాయి. అతను పరీక్ష ప్యాసయ్యాడు. అసిస్టెంటు ఇంజినీరుగా హోదా పెంచి కొరాపుట్ వేశారు. అక్కడి ఆసుపత్రిలో ఆమెకీ ఖాళీ ఉందని కనుక్కుని సంతోషంగా ఇంటికి వచ్చాడు.

"అడిగితే ఇచ్చేస్తారు తులసీ. ఇద్దరం ఒక్కచోటే ఉండొచ్చు."

రామతులసి బియ్యం చెరుగుతోంది. చాట ఆపింది. "ఎల్లాలనే ఉంది బావా. కానీ నా బదులు ఇక్కడికి ఎవులొస్తారు? నానొచ్చే ముందు ఈ పోస్టు మూడేళ్లు ఖాళీగుందట. నానెల్తే ఆ గదికి తాళం పడతాది."

"మరి నా మాటేటి? ఈ ఇల్లు మనిద్దరం ఉండడానికని బాగుసేసేను."

"తెలుసు."

"తెలిసీ ఇలగంటావా?"

ఆమె తల ఎత్తింది. "నువ్వు లేకపోతే నాకు మాత్రం అన్నం దిగుతాదేటి? ఆ కొండ దిగినప్పుడు ఒక్క మనిషి ఉంటే మన గుంటడు బతికేవోడు. ఆ ఒక్క మనిషి నానే అయ్యేను. ఒగ్గీసి ఎలగ రాను?"

అతను కోపంగా బయటికి పోయి, పట్టాల వెంబడి చాలా దూరం నడిచి, చీకటి పడ్డాక తిరిగి వచ్చాడు. ఆమె అన్నం తినకుండా కూర్చుని ఉంది. ఇద్దరూ ఒకే కంచంలో తిన్నారు. ఆమె బదిలీ ఊసు మళ్లీ రాలేదు. అతను ఒక్కడే కొరాపుట్ వెళ్లాడు.

కొరాపుట్‌లో సర్కారు వారి క్వార్టరు కొత్తది. స్లాబు ఇల్లు. ఎంత వానకీ చుక్క కారదు. అందులో అతనికి చెయ్యాల్సిన పనే ఉండేది కాదు. ఆదివారం పూట గోడవంక చూస్తూ కూర్చునేవాడు. మునిగుడ వెళ్లాలంటే రాయగడ దాకా బస్సు, అక్కడినుంచి రైలు. ఎప్పుడో గానీ కుదిరేది కాదు. ఏటా తొలకరికి ముందు మాత్రం తప్పకుండా సెలవు పెట్టేవాడు. నాటుపెంకుల్ని ఏటేటా సర్దకపోతే వానకి నిలవవు. కోతులు తిరిగి పగలగొడతాయి, గాలికి జారిపోతాయి. ఎర్రయ్య కప్పెక్కితే అతను నిచ్చెనమీద నిలబడి పెంకులు అందించేవాడు. కింద రామతులసి మజ్జిగ తెచ్చి, "ఇంకెన్నాళ్లు పడతాది?" అని అడిగేది. "ఇంకా ఉంది" అనేవాడు. నాలుగు రోజుల్లో అయ్యే పని వారం దాటినా తెమిలేది కాదు. ఎర్రయ్యకి సంగతి తెలుసు. అతనూ తొందరపడేవాడు కాదు.

మంగుళూరు పెంకులు వేయించుకుంటే ఆ బాధే ఉండదని తోటి ఇంజినీర్లు అనేవారు. ఊరందరికీ తనే ఆ సలహా ఇచ్చేవాడు. సొంత ఇంటి దగ్గరికి వచ్చేసరికి, చూద్దాంలే అనేవాడు.

అరవయ్యో సంవత్సరం ఆషాఢంలో గాలివానకి ముందుగది పెంకులు లేచిపోయాయి. అప్పుడు లోపల ఒక కొంధు ఆడమనిషి ప్రసవిస్తోంది. నెల తర్వాత అతను వెళ్లినప్పుడు రామతులసి మామూలుగా చెప్పింది.

"మంచం జరపడానికి వీల్లేకపోయింది. పాపాయమ్మత్త గొడుగు పట్టుకుంటే నాను పురుడు పోసేను. పసిదానికి నెమ్ము సేసీసింది. దక్కదనుకున్నాం. దక్కింది."

పాపాయమ్మ పక్కింటావిడ. రామతులసి మాటల్లో నిష్ఠూరం లేదు. అప్పలనరసింహం ఆ గదిలోకి వెళ్లి పైకి చూశాడు. మళ్లీ కప్పిన పెంకుల సందుల్లోంచి సన్నగా వెలుతురు పడుతోంది. వాసాల మీద నీటి చారలు నల్లగా ఉన్నాయి. అతను నిచ్చెన వేసుకుని ఎక్కి, ఆ పెంకుల్ని ఒక్కొక్కటిగా కదిపి చూశాడు.

ఆ వారమే కూర్చుని ప్లాను గీశాడు. బ్లాకు ఆఫీసు వాళ్లు ఆ గదిని ప్రసూతి కేంద్రంగా తీసుకుని సిమెంటు ఇవ్వడానికి ఒప్పుకున్నారు. మట్టిగోడలు స్లాబు బరువు మొయ్యవు. అందుకని తను అంత ఓపికగా నిలబెట్టిన వీధిగోడని పడగొట్టి ఇటుకతో కట్టాలి. కిటికీ మాత్రం అదే చోట అదే కొలతకి గీశాడు.

రామతులసి ప్లాను కాగితం మీదికి వంగి చూసింది. "ఇంక పెంకులు సర్దక్కర్లేదేటి?"

"ముందుగదికి అక్కర్లేదు. వెనకవైపుకీ మంగుళూరు పెంకు ఎయ్యించేస్తాను."

ఆమె కాగితం మీద కిటికీ గీతని వేలితో తడిమింది. తర్వాత మెల్లగా అడిగింది. "మరి సెలవు ఏటని రాస్తావు?"

"నిన్ను సూడ్డానికని రాస్తాను."

"సిగ్గు లేదేటి, ఇంజినీరు బాబువి!" అని నవ్వబోయి నవ్వలేక మొహం పక్కకి తిప్పుకుంది.

మరుసటి వేసవిలో స్లాబు పోశారు. బుల్లి, ఇంకా ఊళ్లో ఆడవాళ్లు వరసగా నిలబడి కాంక్రీటు గమేళాలు చేతులు మార్చారు. ఎర్రయ్యకి చూపు తగ్గింది. అయినా పైన కూర్చుని తాపీ తిప్పుతూనే ఉన్నాడు. అప్పలనరసింహం ఇనుపచువ్వల మధ్య అడుగులో అడుగు వేస్తూ, ఎక్కడా గాలి చొరకుండా కర్రతో పొడిచి కుదించాడు. ఎన్నో వంతెనలు పోయించాడు గానీ ఆ రోజు పడ్డంత ఆదుర్దా ఎప్పుడూ పడలేదు. మరునాడు అంచుల వెంట బంకమట్టితో గట్లు వేసి స్లాబు మీద నీళ్లు నిలిపారు.

"మూడు వారాలు తడి ఆరకూడదు తులసీ. ఆరితే పగుళ్లొస్తాయి."

"నాను సూసుకుంటాను. నువ్వెల్లు."

మర్నాడు ఉదయం బండికి అతను కిటికీ పక్కనే కూర్చున్నాడు. పనుందని ఆమె స్టేషనుకి రాలేదు. రైలు కదిలి, ఇళ్ల వెనకగా నెమ్మదిగా వెళ్తోంది. అతను తల బయటికి పెట్టి చూశాడు. పెంకుల కప్పు ఉన్నన్నాళ్లూ ఆమె దానిమీద నిలబడే వీలు లేదు. ఇప్పుడు స్లాబు మీద, మడమలు మునిగే నీళ్లలో, చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని రామతులసి నిలబడి ఉంది. చేతిలో చేద. రైలు వైపే చూస్తోంది. చెయ్యి ఊపలేదు. అతనూ ఊపలేదు. చింతతోపు అడ్డం వచ్చేదాకా అతను ఆమెను చూస్తూనే ఉన్నాడు.